ఏడో క్యారేజీ

దెయ్యాలకి చోటిచ్చే మనిషిని కాను నేను. చోటిస్తే వాటికీ ఒక చాప వెయ్యాలి, ఒక కంచం కడగాలి. మా ఊరి పొలిమేరలో చింతచెట్టు మీద ఏదో ఉందని జనం చుట్టూ తిరిగి పోయేవారు. నేను ఆ చెట్టు కిందే పుల్లలు ఏరుకునేదాన్ని. ఇంకెవరూ రారు కాబట్టి అక్కడ పుల్లలు ఎక్కువ దొరికేవి.

ముందే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది చదివి నన్ను తాయెత్తులు కట్టించుకునే మనిషి అనుకోకూడదు.

నాది చీపురుపల్లి దగ్గర పల్లె. చదువు మూడో తరగతితో సరి. పందొమ్మిదో ఏట పలాస వెళ్ళి జీడిపిక్కల బట్టీలో పనికి కుదిరాను. అక్కడ ఏడుగురు ఆడపిల్లలం కలిసి ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఒకటే పొడుగాటి గది, వెనక వంటసాల, దొడ్లో నుయ్యి. ఇల్లు అద్దెకిచ్చిన తవిటయ్య పక్కింట్లోనే ఉండేవాడు. ఏడుగురిలో నేనే పెద్దదాన్ని కాబట్టి వంట పెత్తనం నాది. మా వైపు అక్కని అప్ప అంటాం. అందరికీ నేను అప్పనే. నా వెనక ఏమని పిలిచేవారో కూడా తెలుసు, అది ఇక్కడ రాయను.

ఆ ఇంట్లో పద్ధతి ఇది. తెల్లవారగానే ఒక్కొక్కరు తమ సంచిలోంచి రెండు దోసెళ్ళ బియ్యం తెచ్చి పెద్ద సత్తు డేగిసాలో పొయ్యాలి. అందరివీ కలిపి ఒకే పొయ్యి మీద వండి, గంజి వార్చాక నేను గరిటె పట్టుకుని ఏడు క్యారేజీలు నింపేదాన్ని. ఏడోది నిండేసరికి డేగిసా అడుగు కనిపించాలి. ఒక్క గరిటె మిగలకూడదు, ఒక్క గరిటె తగ్గకూడదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నా గరిటె తప్పలేదు. ఆ వయసులో కొందరికి జడ మీద గర్వం ఉంటుంది, నాకు డేగిసా అడుగు మీద ఉండేది.

దానికి తోడు ఒక కట్టుబాటు కూడా పెట్టాను. అంతకుముందు ఒక పిల్ల "రేపు పోస్తానప్పా" అంటూ నెల్లాళ్ళు ఊరికే తిని, ఒక ఆదివారం చెప్పకుండా వెళ్ళిపోయింది. పోతూ పోతూ నా దువ్వెన కూడా పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి దోసెడు పోసినవాళ్ళకే గరిటె. జ్వరమొచ్చినా, చుట్టమొచ్చినా అంతే.

ఇక జరిగింది చెబుతాను.

మాలో అందరికన్నా చిన్నది దాలమ్మ. మేమందరం బియ్యం ఇంటి దగ్గర నుంచి తెచ్చుకునేవాళ్ళం. దాలమ్మ వాళ్ళకి సెంటు భూమి లేదు. వారం వారం కూలి చేతికొచ్చాక కొట్లో కొనుక్కునేది. పిక్కలు కొట్టేటప్పుడు చేతులకి బూడిద దట్టంగా పట్టించాలి, లేకపోతే జీడిరసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఒకరోజు తొందరలో బూడిద రాసుకోకుండా కూర్చుంది. సాయంత్రానికి రెండు అరచేతులూ బొబ్బలెక్కి తోలు లేచిపోయింది. చెంబు కూడా పట్టుకోలేకపోయింది.

మేస్త్రీ చేతులు చూసి, "పదిహేను రోజులు సూస్తాను. ఆ లోపల నువ్వు రాకపోతే నీ పీట మరొకర్తెకి ఇచ్చెస్తాను" అన్నాడు.

పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే బియ్యం లేవు. మూడో రోజుకి దాని సంచి అడుగు దులిపేసింది. నేను కట్టుబాటు గుర్తు చేశాను.

"ఇంటికెల్లి సేతులు మానినాక రావే" అన్నాను.

"ఇంటికెల్తే మాయయ్య మల్లీ పంపడప్పా. మా మావోళ్ళతో ఇటుకల బట్టీకి తోలెస్తాడు. ఏ దేశమో ఏటో. ఇక్కడే ఓ మూల పడుంటాను. కూడెట్టకపోయినా పరవానేదు."

"కూడు తినకండా ఉండడానికి నువ్వేటి గోడవా?"

అది కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నిజంగానే గోడలా ఉంటానన్నట్టు కూర్చుంది.

మరీ రాతిగుండె కాదు నాది. గంజి తాగమన్నాను. గంజి మీద ఎవరికీ హక్కు లేదు, వారిస్తే కాలవలోకి పోతుంది, కాబట్టి గంజి ఇస్తే కట్టుబాటు తప్పినట్టు కాదు అని అందరి ముందూ చెప్పాను. ఆ గంజికి ఒక ఉప్పురాయి నా డబ్బాలోంచే వేశాను. రెండు రోజులు గంజి మీద ఉంది. మూడో రోజు లేచి నిలబడబోయి గుమ్మం పట్టుకుంది. ఆదివారం రైలెక్కించేద్దాం అన్నాను. ఎవరూ నా మొహం చూడలేదు.

ఆ మరుసటి పొద్దున్నే మొదలైంది.

ఆరుగురం పన్నెండు దోసెళ్ళు పోశాం. వండాను, వార్చాను, ఆరు క్యారేజీలు నింపాను. డేగిసాలోకి చూస్తే అడుగు కనిపించలేదు. అన్నం ఉంది. పట్టించి చూస్తే సరిగ్గా ఒక క్యారేజీకి సరిపడా ఉంది.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఎవరో నా కొలత చెడగొట్టారు. మొదటి అనుమానం మాలోనే ఉన్న పైడమ్మ మీద. పైడమ్మ చేతులు చేటలంత ఉండేవి. నవ్వితే తవిటయ్య ఇంట్లో కోళ్ళు లేచేవి. "నీ దోసిలి ఇలా పట్టు" అని అందరి ముందూ పట్టించాను. "అప్పా, ఇయి మాయమ్మ ఇచ్చిన సేతులు, తరిగించుకు రమ్మంటావేటి?" అని అది నవ్వింది.

మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి చద్దికి ఉంచాను. దాలమ్మకి పెట్టలేదు. ఎవరివో తెలియని మెతుకులు ఎవరికని పెడతాం?

రెండో రోజు అందరి బియ్యం నా దోసిలితోనే కొలిచాను. నా చేతులు చిన్నవి, వేళ్ళు దగ్గరగా పట్టి పిసరు కూడా ఎక్కువ పొయ్యలేదు. ఆరు క్యారేజీలు నిండాక మళ్ళీ ఒకటికి సరిపడా మిగిలింది.

బియ్యంలో తేడా అనుకున్నాను. పాత బియ్యం ఎక్కువ ఒదుగుతాయి. మూడో రోజు అందరి బియ్యమూ ఆపి, పూర్తిగా నా సంచిలోవే వండాను. అవి కొత్త బియ్యం, ఒదగవు. అప్పుడూ మిగిలింది.

నాలుగో రోజు వంటసాలలోకి ఎవరినీ రానివ్వలేదు. కడిగింది నేను, ఎసట్లో పోసింది నేను. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, వార్చేదాకా కదల్లేదు. తుమ్ము వచ్చినా మొహం తిప్పలేదు. వార్చి చూస్తే ఏడు క్యారేజీల అన్నం.

అప్పటికి మిగతా పిల్లలు వంటసాల గుమ్మం తొక్కడం మానేశారు. ఆ పొయ్యి దగ్గరే తవిటయ్య తల్లి పోయిందని ఎవరో ఎక్కడో విన్నారు. ముసల్ది ఇంకా వండిపెడుతోందని ఒకర్తె అంటే, నేను కూడా దాని పాదాల చప్పుడు విన్నానని ఇంకొకర్తె. సంగతేమిటో తేల్చాలని నేరుగా తవిటయ్యనే అడిగాను.

అతను చుట్ట తీసి, నన్ను కింద నుంచి పైకి చూశాడు. "మాయమ్మా? అది బతికున్నన్నాళ్ళూ కాకికి మెతుకిసిరిన మనిషి కాదే. సచ్చినాక ఊరోళ్ళకి కూడెడతాదేటి? మరొకర్తెని సూసుకో" అన్నాడు.

ఆ ముసలామె మీద నాకు గౌరవం కలిగింది. ఆ అనుమానం మాత్రం అక్కడితో తీరిపోయింది.

పిల్లలకి తీరలేదు. ఐదో రోజు పొద్దున్నే దెయ్యాలు వదిలించే ముసలాయన్ని పిలుచుకొచ్చారు. అతను డేగిసా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒక మెతుకు నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆడదే. ఆకలితో పోయినాది. నల్లకోడొకటి, మానెడు బియ్యం, రెండు కొబ్బరికాయలు పట్రండి. సాయంత్రానికి తోలెస్తాను."

నేను వేళ్ళ మీద లెక్క కట్టాను. "తాతా, ఇది రోజూ మాకు రెండు దోసెళ్ళు పెడతన్నాది. దీన్ని తోలినందుకు నువ్వు కోడీ, మానెడు బియ్యమూ పట్టుకెల్తావా? ఇద్దర్లో దెయ్యమెవరో నువ్వే సెప్పు."

పైడమ్మ నవ్వుకి కోళ్ళు లేచాయి. ముసలాయనకి కోపం వచ్చింది కానీ ఎండెక్కిందని గంజి తాగే వెళ్ళాడు. గంజి మీద ఎవరికీ హక్కు లేదన్నాను కదా, కాదనలేకపోయాను.

అతను గుమ్మం దాటగానే పైడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడింది.

"అప్పా, గంజి మీద ఎవరికీ హక్కు నేదన్నావు గదా?"

"అన్నాను."

"మరి ఈ మిగిలిన కూటి మీద హక్కెవరిదేటి? నాదా? నీదా? ఎవరి దోసిట్లోంచి వచ్చినాదో సెప్పు."

నేను డేగిసా మూత తీసి చూసి మళ్ళీ పెట్టాను.

"ఎవరిదీ కానప్పుడు గంజిలాటిదే. దాలమ్మకెట్టు" అంది.

నేను పెట్టిన కట్టుబాటే నా మెడకి చుట్టుకుంది. దాని ప్రకారమే ఏడో క్యారేజీ కడిగి నింపాను. దాలమ్మకి చేతులు రావు కాబట్టి పైడమ్మే కలిపి తినిపించింది. ఆ పిల్ల తినడం చూసి నేను వంటసాలలోకి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. తోమాల్సినవి ఏమీ లేవు. తోమినవే మళ్ళీ తోమాను.

ఆదివారం రైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఇది ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ మిగులుతూనే ఉంది కదా, అలాంటప్పుడు నేను మాత్రం రెండు దోసెళ్ళు పొయ్యడం దేనికని బుద్ధి పుట్టింది. అన్నం మిగలడం మొదలైన ఏడో రోజునో ఎనిమిదో రోజునో, అందరూ పోశాక, నా బియ్యం పోసినట్టు చెయ్యి ఆడించి ఊరుకున్నాను. పది దోసెళ్ళే ఉడికాయి. అంటే ఐదుగురి అన్నం.

ఏడు క్యారేజీలు నిండాయి. నా చేత్తో నేనే నింపాను, నాది కూడా అంచుదాకా నింపి మూత బిగించాను. రెండు దోసెళ్ళు కలిసొచ్చాయి కదా అనుకున్నాను.

మధ్యాహ్నం బట్టీ షెడ్డులో వరసగా కూర్చుని మూతలు తీశాం. అందరివీ నిండుగా ఉన్నాయి. నాది ఖాళీ. సగం కాదు, పావు కాదు. తోమి పెట్టినట్టు ఖాళీ. ఒక్క మెతుకు కూడా అంటుకుని లేదు. పొద్దున్న నుంచీ ఆ క్యారేజీ నా కాలి పక్కనే, నా కళ్ళ ముందే ఉంది.

పైడమ్మ తొంగి చూసి, "ఏటప్పా, అందరికీ కొలిచి కొలిచి నీకు నువ్వే కొలుసుకోడం మర్సిపోయినావేటి?" అంది. షెడ్డంతా నవ్వింది. తన దాంట్లోంచి నాకు సగం పెట్టింది. నేను తలెత్తకుండా తిన్నాను. దోసెడు పొయ్యకుండా తిన్న కూడు నా జన్మలో అదొక్కటే. కట్టుబాటు పెట్టింది నేను, ఆ రోజు దాన్ని తప్పింది నేను, పట్టుకున్నది ఎవరో మాత్రం నాకు తెలియదు.

మర్నాడు నా రెండు దోసెళ్ళూ కాస్త గోపురంగానే పోశాను.

చేతులు కాలిన పద్నాలుగో రోజుకి దాలమ్మ చేతులకి కొత్త చర్మం వచ్చింది, గులాబీ రంగులో, పసిపిల్ల చేతుల్లా. మోచేతుల దాకా బూడిద దట్టించుకుని పనికి వెళ్ళింది. మేస్త్రీ చేతులు తిప్పి చూసి తన పీట తనకి ఇచ్చాడు. వారం చివర కూలి రాగానే బియ్యం కొనుక్కొచ్చి, మరునాడు తెల్లవారి అందరికన్నా ముందు లేచి రెండు దోసెళ్ళు డేగిసాలో పోసింది. ఆ రోజు ఏడుగురు పోశారు. ఎనిమిదో దాని కోసం ఒక గిన్నె కడిగి పక్కన పెట్టుకున్నాను.

ఏడు క్యారేజీలు నిండాయి. డేగిసా అడుగు కనిపించింది.

గరిటె అడుగున ఒకసారి ఆడించాను. మళ్ళీ ఆడించాను. కడిగి పెట్టుకున్న గిన్నె బోర్లించాను. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్న ఏడాదిలో మరెప్పుడూ ఒక్క మెతుకు మిగల్లేదు.

నాకు పెళ్ళయింది, పిల్లలు, వాళ్ళకి పిల్లలు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే అన్నం మిగిలినప్పుడల్లా నా మీద జోకులు వేస్తారు.

మొన్న వేసవిలో దాలమ్మ బొబ్బిలిలో మనవడికి అన్నప్రాశన చేస్తూ పిలిచింది. పైడమ్మ కూడా వచ్చింది. మోకాళ్ళు పోయాయి కానీ చేతులూ నవ్వూ అలాగే ఉన్నాయి. మిగతా నలుగురిలో ఇద్దరు పోయారు, ఇద్దరు ఎక్కడున్నారో తెలియదు.

భోజనాలయ్యాక దాలమ్మ కోడళ్ళనీ కూతుళ్ళనీ పిలిచి నన్ను చూపించింది. "ఈ అప్పేనే. పైకి నన్ను పొమ్మన్నాది. ఎవరికీ తెలీకండా దాని సంచిలో బియ్యం నా పేరున పోసి నన్ను బతికించినాది."

"నేను కాదే" అన్నాను.

అందరూ నవ్వారు. "అప్పుడూ ఇంతేనే. మంచిపని సేసినానంటే పరువు పోతాదనుకుంటాది" అంది పైడమ్మ.

ఇన్నాళ్ళూ ఆరుగురూ అదే అనుకుంటున్నారట. దెయ్యం గోలంతా నేనే ఆడించిన నాటకమని, కొలతలూ కాపలాలూ అందుకేనని. నేనేమో ఇన్నాళ్ళూ లోపల్లోపల పైడమ్మే ఏదో చేసిందని అనుకుంటున్నాను. అప్పుడు ఇక దాచలేదు. పది దోసెళ్ళ రోజు సంగతి, ఖాళీ క్యారేజీ సంగతి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పైడమ్మ నవ్వు ఆగిపోయింది.

"నువ్వు పోసినావా పైడీ?" అని అడిగాను.

"నా కళ్ళ మీదొట్టు. పోస్తే పోసినానని ఊరంతా సెప్పుకోనేటి నేను?"

అది నిజం. ఒక పచ్చిమిరపకాయ ఇచ్చినా వారం చెప్పుకునే మనిషి.

దాలమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. "అయితే మరెవరప్పా?"

అంతలో లోపల వంటవాళ్ళు పిలిచారు, పులిహోర మిగిలిపోయింది, ఏం చెయ్యమంటారని. మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని లేచాం. పైడమ్మకి లేవడానికి నేను చెయ్యందించాను.

ఇప్పటికీ నేను దెయ్యాలని నమ్మను. నమ్మను కాబట్టి ఆ అన్నం ఎవరు పెట్టారో చెప్పలేను. దాలమ్మ ఇంట్లో ఇప్పటికీ ఆ మంచిపేరు నాదే. ఎంత కాదన్నా వినరు. ఎవరి దగ్గరా కరివేపాకు రెబ్బ కూడా ఊరికే పుచ్చుకోని నేను, ఎవరిదో పేరు మోస్తున్నాను. ఎవరిదో తెలిస్తే తీసుకెళ్ళి ఇచ్చేద్దును.

ఇప్పుడు మా ఇంట్లో కుక్కరు. నలుగురికి నాలుగు గ్లాసులు, సరిగ్గా సరిపోతుంది. అయినా అందరికీ వడ్డించాక అడుగున ఒకసారి గరిటె ఆడిస్తాను. ఏం వెతుకుతున్నారత్తా అని కోడలు అడుగుతుంది.

ఏమీ లేదే అంటాను. నిజంగానే అక్కడ ఏమీ ఉండదు. ఇప్పటిదాకా దాలమ్మలా బియ్యం పొయ్యకుండా తినాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు మరి.